పాత ఫోల్డింగ్ కెమెరాకు నేటి రీలు: ఏది సరిపోతుంది, ఏది సరిపోదు, ఎందుకు

అటక మీది ట్రంకు పెట్టెలోనో, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనో ఒక ఫోల్డింగ్ కెమెరా దొరుకుతుంది. బొత్తాం నొక్కితే ముందు పలక కిందికి వాలుతుంది. లెన్సును పట్టుకుని లాగితే నల్లటి బెల్లోస్ కొలిమి తిత్తిలా సాగుతుంది. షటర్ టక్కుమంటుంది. ఇంకేం, పనిచేస్తోంది కదా, ఒక రీలు వేసి చూద్దాం అనిపిస్తుంది. వెనక తలుపు తీస్తే లోపల ‘ఏ-116 ఫిల్ము వాడండి’ అని రాసి ఉంటుంది. 116 ఫిల్ము తయారీ 1984లోనే ఆగిపోయింది.

అక్కడి నుంచి అయోమయం మొదలవుతుంది. 120 రీలు వేసుకోవచ్చని ఒకరంటారు. అస్సలు పట్టదని ఇంకొకరంటారు. త్రీడీ ప్రింటర్ మీద చేసిన అడాప్టర్లు తెప్పించుకుంటే చాలని మూడోవారి మాట. ఇందులో ఎవరిదీ అబద్ధం కాదు. ఒకరు 620 కెమెరాను దృష్టిలో పెట్టుకుని మాట్లాడితే, ఇంకొకరు 116 సంగతి చెబుతుంటారు. ఒకరి గొడవ స్పూలుతో (ఫిల్ము చుట్టే కండెతో), ఇంకొకరిది ఫిల్ము వెడల్పుతో. ‘ఈ కెమెరాకు ఇప్పటి రీలు పడుతుందా’ అన్నది పైకి ఒకే ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, లోపల నాలుగైదు ప్రశ్నలున్నాయి. వాటిని విడదీస్తే ఏ కెమెరాకు ఏం కావాలో దానంతటదే తేలుతుంది.

నంబరు ఒకటే, అందులో చాలా సంగతులు

రోల్ ఫిల్ము అంటే పొడవాటి ఫిల్ము పట్టీ, దాని వెనక అంతకంటే పొడవైన నల్ల కాగితం, రెండూ కలిపి చుట్టిన స్పూలు. కాగితం వెలుతురును ఆపుతుంది కాబట్టి పగటి పూటే కెమెరాలో వేసుకోవచ్చు. కాగితం బయటివైపు అంకెలు అచ్చువేసి ఉంటాయి. కెమెరా వెనకున్న చిన్న ఎర్ర కిటికీలోంచి ఆ అంకె కనబడేదాకా తిప్పి ఆపితే, ఒక ఫోటోకు సరిపడా ఫిల్ము ముందుకు జరిగినట్టు.

120, 116, 122 లాంటి అంకెలు కొలతలు కావు. కొడాక్ తన ఫిల్ములకు 101తో మొదలుపెట్టి వరసగా ఇచ్చుకుంటూ పోయిన నంబర్లు. అందుకే 1899లో వచ్చిన 116, 1901లో నంబర్ 2 బ్రౌనీ కెమెరా కోసం వచ్చిన 120 కంటే వెడల్పైనది. 1903 నాటి 122 ఈ రెండిటికంటే పెద్దది. 1912లో వెస్ట్ పాకెట్ కొడాక్ కోసం చేసిన 127 అన్నిటికంటే చిన్నది. అంకెను బట్టి సైజు ఊహిస్తే తప్పడం ఖాయం.

ఒక ఫిల్ము నంబరు చెబితే అందులో ఇన్ని సంగతులు ఇమిడి ఉన్నాయని అర్థం: ఫిల్ము వెడల్పు, స్పూలు ఆకారం, కాగితం మీద అంకెల మధ్య దూరం, ఫిల్ము, కాగితం కలిసిన మందం, ఆ కాలపు ఫిల్ము వెలుతురుకు స్పందించే తీరు. పాత కెమెరాను ఈ అన్నిటికీ సరిపడేలా చేశారు. ఇప్పుడు మనకు విరివిగా దొరికే రోల్ ఫిల్ము 120 ఒక్కటే. కాబట్టి ఈ సర్దుబాటు అంతా, పై సంగతుల్లో 120తో ఎక్కడ తేడా వస్తోందో కనిపెట్టి, అక్కడ మాత్రం అతుకు వేయడమే.

ఫోటో పడే గేటు కొలిస్తే సగం సందేహం తీరుతుంది

లేబుల్ చిరిగిపోయినా, చెరిగిపోయినా భయం లేదు. వెనక తలుపు తీసి, ఫోటో పడే దీర్ఘచతురస్రపు ఖాళీని, అంటే గేటును, స్కేలుతో కొలిస్తే చాలావరకు తేలిపోతుంది. సుమారు 57×83 మి.మీ. ఉంటే అది 120 గానీ 620 గానీ. సుమారు 64×108 అయితే 116 గానీ 616 గానీ. 83×140 ఉంటే పోస్టుకార్డు సైజు, 122. 42×64 ఉంటే 127. ముందే చెప్పిన ‘ఏ-116’లోని ఏ అనే అక్షరం ఆటోగ్రాఫిక్ ఫిల్ముకు గుర్తు. 1914లో కొడాక్ తెచ్చిన ఈ పద్ధతిలో కెమెరా వెనక చిన్న తలుపు తీసి, ఫోటో పక్కన పుల్లతో తేదీ, పేరు రాసుకునేవారు. ఆ ఫిల్ము పోయింది, తలుపు మిగిలింది. నేటి రీలుతో ఆ తలుపు వల్ల ఒరిగేదేం లేదు, వెలుతురు దూరే సందు తప్ప. వాడేవాళ్లు దానికి నల్ల టేపు అంటిస్తారు.

జైస్ ఐకాన్ వారి ఐకోంటా, నెట్టార్, ఆగ్‌ఫా ఐసోలెట్, సోవియట్ మాస్క్వా-5 లాంటివి చేతికి వస్తే ఈ వ్యాసంలో సగం చదవక్కర్లేదు. అవి చాలావరకు 120 కెమెరాలు. 1901 నాటి ఫార్మాట్ ఇవాళ్టికీ తయారవుతోంది కాబట్టి రీలు తిన్నగా కూర్చుంటుంది. అసలు తంటా కొడాక్ కెమెరాలతోనే ఎక్కువ. పెద్ద కంపెనీ, ఎక్కువ కెమెరాలు, ఎక్కువ ఫార్మాట్లు.

620: ఫిల్ము అదే, స్పూలు వేరు

1930ల మొదట్లో కొడాక్ 620, 616 అనే రెండు కొత్త రీళ్లు తెచ్చింది. పేరుకు కొత్తవే గానీ 620లో ఉన్నది అచ్చంగా 120 ఫిల్మే. అదే వెడల్పు, అదే కాగితం, అవే అంకెలు. మారిందల్లా స్పూలు. 120 స్పూలుకు చివర్లలోని బిళ్లలు సుమారు 25 మి.మీ. అడ్డకొలత ఉంటే 620వి 23 దాకా ఉంటాయి. మధ్య ఇరుసు బాగా సన్నం. స్పూలు మొత్తం పొడవు కూడా ఒక పిసరు తక్కువ. ఈ చిన్న తేడాల వల్లే 620 కెమెరాలో 120 రీలు కూర్చోదు. బలవంతంగా కూర్చోబెట్టినా బిగుసుకుపోయి తిరగదు.

ఇలా ఎందుకు చేశారన్న దాని మీద రెండు వాదనలున్నాయి. స్పూలు సన్నమైతే కెమెరా పలచనవుతుంది, జేబులో పడుతుంది అన్నది కొడాక్ వైపు మాట. కొడాక్ కెమెరా కొన్నవాళ్లు కొడాక్ ఫిల్మే కొనేలా కట్టేయడానికి వేసిన ఎత్తు అన్నది రెండో మాట. స్పూలు సన్నబడితే కెమెరా చివర్లు కొంత తగ్గుతాయన్నది నిజమే. కానీ అదే దశాబ్దంలో జర్మనీ వాళ్లు 120 స్పూలుతోనే చక్కగా జేబులో పట్టే కెమెరాలు చేశారు. కాబట్టి పలచదనం ఒక్కటే కారణమంటే నాకు నమ్మబుద్ధి కాదు. అలాగని కుట్ర అనడానికీ గట్టి ఆధారం అక్కర్లేదా? ఇతర కంపెనీలూ తర్వాత 620 ఫిల్ము అమ్మాయి. కారణం ఏదైనా, 1995లో కొడాక్ 620 ఆపేసింది. కెమెరాలు మాత్రం లక్షల్లో మిగిలాయి.

లోపలిది అదే ఫిల్ము కాబట్టి, దీనికి ఉన్న దారులన్నీ స్పూలు చుట్టూనే తిరుగుతాయి. మొదటిది, 120 స్పూలు బిళ్లలను గోళ్లు కత్తిరించే కట్టర్‌తో చుట్టూ తగ్గించి, గరుకు కాగితంతో రుద్ది, 620 అరలో పట్టేలా చేయడం. పగటి వెలుతురులోనే అయిపోతుంది. అయితే ఆ బిళ్ల ఊరికే లేదు. చుట్టిన కాగితం అంచుల్లోంచి వెలుతురు దూరకుండా అదే కాపలా. కాగితం అంచు కంటే లోపలికి కోసేస్తే ఫిల్ము అంచులు పొగబారతాయి. రుద్దిన ప్లాస్టిక్ పొడి కెమెరాలో రాలితే అదొక బెడద. పైగా ఫిల్ము చుట్టుకునే వైపు మాత్రం అసలైన 620 స్పూలు ఉండాల్సిందే. తిప్పే నాబ్ పట్టుకునేది దాన్నే.

రెండోది, చీకట్లో 120 ఫిల్మును 620 స్పూలు మీదికి మార్చి చుట్టడం. ఖర్చు లేదు, కెమెరాకు హాని లేదు, ఎక్కువమంది చేసేది ఇదే. చిక్కు ఎక్కడుందో దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. రోల్ ఫిల్ము కాగితానికి రెండు చివర్లా అంటి ఉండదు. మొదట వచ్చే చివర మాత్రమే టేపుతో అతికి ఉంటుంది, రెండో చివర వదులు. 120 నుంచి ఒక స్పూలు మీదికి చుట్టినప్పుడు టేపు ఉన్న కొస లోపలికి పోతుంది, వదులు కొస పైకి వస్తుంది. రీలు మొదలు ముందుకు రావాలంటే దాన్ని మరో 620 స్పూలు మీదికి మళ్లీ చుట్టాలి. ఈ రెండో చుట్టులో వదులు కొసను వేళ్లతో తడుముతూ కాగితం కింద దూర్చాలి. వంకరగా దూరితే అక్కడినుంచి రీలంతా వంకరే. అంతా సవ్యంగా జరిగినా చివర టేపు దగ్గరికి వచ్చేసరికి ఫిల్ము కాస్త మిగిలి ఉబ్బుగా నిలబడుతుంది. కొత్త స్పూలు మీద చుట్టు బిగువు మారింది, అంతే. ఆ ఉబ్బును అలాగే నొక్కేస్తే మడత పడి, మొదటి ఫోటోలో గీతగా తేలుతుంది. చేయి తిరిగినవాళ్లు ఆ టేపును మెల్లగా లేపి, ఫిల్మును సాపు చేసి, తిరిగి అంటిస్తారు. ఇదంతా కళ్లకు ఏమీ కనిపించని చీకట్లో. అందుకే ముందుగా ఒక పాడైన రీలుతో వెలుతురులో చేతులకు అలవాటు చేసుకుంటారు.

మూడో దారి, ఇలా మార్చి చుట్టిన 620 రీళ్లనే కొనడం. కొందరు చిన్న వ్యాపారులు అమ్ముతారు. అదే ఫిల్ముకు ఎక్కువ ధర, మన దేశానికి తెప్పించుకుంటే దిగుమతి ఖర్చు అదనం.

116: ఇక్కడ ఫిల్మే సన్నం

620 సమస్య స్పూలుది. 116 సమస్య దానికి పూర్తిగా వేరు. 116 ఫిల్ము 70 మి.మీ. వెడల్పు, 120 ఫిల్ము 61 చిల్లర. స్పూలు పొడవులోనూ ఆ మేరకు తేడా ఉంది. కాబట్టి 120 స్పూలుకు రెండు చివర్లా తలా నాలుగైదు మిల్లీమీటర్ల బిళ్లలు తగిలిస్తే అది 116 అరలో కూర్చుంటుంది. త్రీడీ ప్రింటెడ్ అడాప్టర్లు చేసే పని ఇదే. అంతకుముందు జనం మరలు, ప్లాస్టిక్ గొట్టాల ముక్కలతో సరిపెట్టేవాళ్లు. 616 అయితే సన్న స్పూలుకు తగ్గ అడాప్టర్ వేరుగా కావాలి.

స్పూలు కూర్చుంది కదా అని పని అయిపోయిందనుకుంటే అక్కడే బోల్తా పడతారు. ఇంకా రెండు చిక్కులున్నాయి.

మొదటిది అంకెల లెక్క. 120 కాగితం మీద మూడు వరసల అంకెలుంటాయి. ఒక అంచున 6×9 సెం.మీ. సైజుకు 8 ఫోటోల వరస, మధ్యలో 6×6కు 12 ఫోటోల వరస, రెండో అంచున 6×4.5కు 16 ఫోటోల వరస. 116 సైజుకు వరస లేదు, ఉండాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు. గేటు పొడవు 108 మి.మీ. 6×9 వరసలో అంకెల దూరం సుమారు 94, అంటే ఆ వరసను నమ్మితే ప్రతి ఫోటో పక్క ఫోటో మీదికి ఎక్కుతుంది. కెమెరా ఎర్ర కిటికీ వెనక పలకకు నిలువులో మధ్యన ఉంటే దానికింద పడేది 6×6 వరస. అందులో అంకెల దూరం సుమారు 63. ఒక అంకె వదిలి ఒక అంకె తీసుకుంటే 126 మి.మీ. వస్తుంది. 108కి ఇది చాలు, మధ్యలో 18 మి.మీ. వృథా.

అలాగని 1, 3, 5 అని పోతే మొదటి ఫోటోకు ముప్పు. ఒకటో అంకెను చిన్న చదరపు ఫోటోను దృష్టిలో పెట్టుకుని అచ్చువేశారు. దాని ముందు అంత ఎక్కువ ఫిల్ము ఉండదు. 108 మి.మీ. ఫోటోలో ఎడమ కొస ఫిల్ము మొదలుకంటే ముందుకు, ఉత్త కాగితం మీదికి పోవచ్చు. అందుకని ఒకటికీ రెండుకూ నడుమ మొదలుపెట్టి, ఆ తర్వాత ప్రతిసారీ రెండేసి అంకెలు జరుపుతారు: ఒకటిన్నర, మూడున్నర, అయిదున్నర, ఏడున్నర, తొమ్మిదిన్నర, పదకొండున్నర. మొత్తం ఆరు ఫోటోలు. 12 అంకెలకు 63 చొప్పున 756 మి.మీ. లెక్క వేస్తే చివరి ఫోటో కూడా అందులోనే ఇముడుతుంది. కిటికీ వేరే వరస మీద పడితే లెక్క మారుతుంది. 6×4.5 వరసలో అంకెల దూరం 47 కాబట్టి రెండున్నర అంకెలు జరిపితే 117 దాకా వస్తుంది. కిటికీ గేటుకు సరిగ్గా నడుమన లేని కెమెరాల్లో మొదటి అంకె ఇంకాస్త అటూ ఇటూ అవుతుంది. కాగితం మీద ఎంత లెక్క వేసినా, పాడైన రీలు ఒకటి ఎక్కించి గేటు అంచుల్లో పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని చూస్తే తప్ప ఏ కెమెరాకు ఏ లెక్కో ఖాయంగా తేలదు.

రెండో చిక్కు కంటికి కనబడదు. 116 గేటు వెడల్పు 64 మి.మీ., ఫిల్ము 61 చిల్లర. అంటే ఫిల్ము రెండు అంచులూ ఆనాల్సిన పట్టాల మీద ఆనవు, గేటు ఖాళీలోకి జారతాయి. ఫిల్ము లెన్సు వైపు ఉబ్బుతుంది. ఉబ్బిన చోట ఫోకస్ తప్పుతుంది. దీనికి విరుగుడుగా గేటు లోపల నల్ల అట్టతోనో పలచని ప్లాస్టిక్‌తోనో రెండు వైపులా సన్నని పట్టీలు పెట్టి గేటును ఇరుకు చేస్తారు. అడాప్టర్‌తో పాటు ఇలాంటి మాస్కు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మాస్కు లేకుండానే ఫోటోలు బాగా వచ్చాయనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరిలో ఎవరిది నిజం?

అది అపెర్చర్‌ను (లెన్సు తెరుచుకునే రంధ్రం, దాని ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) బట్టి, ఆ ఫోటోను ఎంత పెద్దది చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫిల్ము తన చోటు నుంచి ఎంత జరిగినా ఫరవాలేదో చెప్పడానికి ఒక సులువైన లెక్క ఉంది: అపెర్చర్ అంకెను, మనం సహించే మసక చుక్క సైజుతో గుణిస్తే అటూ ఇటూ ఎంత వెసులుబాటో తెలుస్తుంది. ఆ రోజుల్లో 116 నెగెటివ్‌ను చాలామంది అదే సైజులో కాగితం మీద పెట్టి ప్రింటు వేయించుకునేవారు. పెద్దది చేయడం లేదు కాబట్టి 0.1 మి.మీ. చుక్క కూడా కళ్లకు ఆనదు. ఎఫ్/16 దగ్గర 16ను 0.1తో గుణిస్తే 1.6 మి.మీ., అంత ఉబ్బినా ఫోటో బాగానే ఉంటుంది. ఇప్పుడు మనం చేసేది స్కానింగ్, దాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి చూడటం. చుక్క 0.05కు తగ్గించాలి. ఎఫ్/8 దగ్గర వెసులుబాటు 0.4 మి.మీ.కు పడిపోతుంది. చిన్న సైజులో ఎండలో తీసినవాళ్లు మాస్కు అక్కర్లేదంటారు, నీడలో లెన్సు బార్లా తెరిచి తీసినవాళ్లు తప్పదంటారు. ఎవరి ఫోటో ముందు పెట్టుకుని వాళ్లు మాట్లాడుతున్నారు.

ఫిల్ము ఉబ్బడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది అన్ని ఫోల్డింగ్ కెమెరాలకూ వర్తిస్తుంది. మూసి ఉన్న కెమెరాను ఒక్కసారి చటుక్కున తెరిస్తే బెల్లోస్ గాలిని లాక్కుంటుంది. ఆ లాగుడుకు ఫిల్ము ముందుకు వస్తుంది. అందుకే పాత అలవాటున్నవాళ్లు ముందు కెమెరా తెరిచి, ఆ తర్వాతే రీలు తిప్పుతారు. తిప్పినప్పుడు ఫిల్ము మళ్లీ బిగుస్తుంది.

ఎర్ర కిటికీ ఎందుకు నమ్మదగింది కాకుండా పోయింది

కిటికీకి ఎర్ర రంగు అందానికి పెట్టలేదు. ఆ కాలపు ఫిల్ముల్లో ఎక్కువ భాగం ఆర్థోక్రొమాటిక్, అంటే ఎర్ర వెలుతురు వాటికి కనబడేది కాదు. కాబట్టి ఎర్ర సెల్యులాయిడ్ ముక్కే చాలినంత అడ్డు. ఇప్పటి ఫిల్ములు దాదాపు అన్నీ పాంక్రొమాటిక్. ఎరుపూ వాటికి కనబడుతుంది. కొడాక్ వెరిక్రోమ్ ఫిల్మే 1956లో వెరిక్రోమ్ పాన్‌గా మారింది. ఇక మిగిలిన కాపలా వెనక కాగితం ఒక్కటే. అది గట్టిదే గానీ, మన ఎండలో కిటికీ తెరిచిపెట్టి నిమిషాల తరబడి ఉంచితే ఫిల్ము మీద గుండ్రటి మచ్చ పడే ప్రమాదం ఉంది. కిటికీ మీద టేపు ముక్క అంటించి, తిప్పేటప్పుడు మాత్రం నీడలో లేపి చూడటం దానికి పరిపాటి. ఆర్థో కావాలంటే ఇల్‌ఫోర్డ్ ఆర్థో ప్లస్ 120లో దొరుకుతుంది. ఆ ఫిల్ముతో ఎర్ర కిటికీ తన పాత పని తాను చేస్తుంది.

ఇందులోనే ఇంకో సంకటం. కాగితం మీది అంకెల సిరా ఫిల్ము మీదికి దిగి, ఆకాశంలో అంకెలు తేలుతున్నాయని 2016 ప్రాంతంలో కొడాక్ 120 ఫిల్ముల మీద ఫిర్యాదులు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన కాగితం మీద అంకెలు లేతగా ఉన్నాయి. ఫిల్ముకు మంచిదే. కానీ పాతబడి మసకేసిన ఎర్ర సెల్యులాయిడ్‌లోంచి ఆ లేత అంకె వెతకడం కళ్లకు పరీక్షే. 120 కెమెరాల్లో ఇది చిరాకు వరకే. సగం అంకెలు చూసుకోవాల్సిన 116 వాళ్లకైతే ఏ కంపెనీ రీలు కొనాలో ఇదే నిర్ణయిస్తుంది.

మధ్యాహ్నపు ఎండ, రెండు రకాల అపెర్చర్ అంకెలు

పాత ఫిల్ములు నెమ్మది. ఇప్పటి ఐఎస్‌ఓ (ఫిల్ము స్పీడు) లెక్కలో చెప్పాలంటే మనం 100, 400 అనే చోట అవి పదులలో ఉండేవి. అందుకే కొడాక్ బాల్ బేరింగ్ షటర్ లాంటి వాటిలో వేగాలు 1/25, 1/50, 1/100 తోనే సరి. అంతకంటే వేగం అప్పట్లో అవసరం పడలేదు.

విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఫోటో తీస్తున్నారనుకుందాం. ఫోటోగ్రాఫర్ల పాత లెక్క ప్రకారం ఎర్రటి ఎండలో ఎఫ్/16 పెట్టి, షటర్ వేగం ఫిల్ము స్పీడు అంకెకు దగ్గరగా పెట్టాలి. ఐఎస్‌ఓ 100 ఫిల్ము అయితే ఎఫ్/16, 1/100. పాత కెమెరాకు ఇది అతికినట్టు సరిపోతుంది. ఐఎస్‌ఓ 400 అయితే ఎఫ్/16, 1/400 కావాలి. షటర్ 1/100 దగ్గరే ఆగిపోతుంది. రెండు మెట్లు (ఒక్కో మెట్టుకు వెలుతురు సగమవుతుంది) అపెర్చర్ మూసి ఎఫ్/32కు వెళ్లాలి.

ఇప్పుడు లెన్సు చుట్టూ ఉన్న అంకెలు చూస్తే 4, 8, 16, 32, 64, 128 అని ఉన్నాయి. 32 ఉంది కదా అని అక్కడ పెడితే పొరపాటు. 1920ల కంటే ముందు నాటి చాలా కొడాక్‌ల మీద ఉన్నవి ఎఫ్ అంకెలు కావు, యు.ఎస్. (యూనిఫాం సిస్టమ్) అనే పాత పద్ధతి అంకెలు. ఎఫ్ అంకెను దానితోనే గుణించి 16తో భాగిస్తే యు.ఎస్. అంకె వస్తుంది. ఎఫ్/8 అంటే 64ను 16తో భాగించి 4. ఎఫ్/16 అంటే 16. రెండు పద్ధతులూ ఒక్కచోట కలిసేది ఇక్కడే. ఎఫ్/32 అంటే 1024ను 16తో భాగించి 64. మనకు కావాల్సింది 64 అన్నమాట. 32 దగ్గర పెడితే అది ఎఫ్/22 చిల్లర, వెలుతురు రెండింతలు పడుతుంది. వరసలో 5.6, 11, 22 కనిపిస్తే అవి ఎఫ్ అంకెలు, ఒక్కొక్కటి రెట్టింపవుతూ పోతే యు.ఎస్.

నెగెటివ్ ఫిల్ము ఒక మెట్టు ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది కాబట్టి ఈ పొరపాటుతో రీలు పాడైపోదు. పైగా వందేళ్ల స్ప్రింగు అలసి 1/100 అని రాసిన చోట దాదాపు 1/60కే తిరగొచ్చు. ఆ రెండూ కలిస్తే మాత్రం ఆకాశం తెల్లకాగితమే. పాత లెన్సుకు కోటింగు కూడా ఉండదు. సూర్యుడు పక్కనుంచి కొడితే బొమ్మ అంతా పాలు పోసినట్టవుతుంది. ఐఎస్‌ఓ 100 ఫిల్ము ఎందుకు ఎక్కువమందికి నచ్చుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కెమెరాయే లెక్క పెట్టుకుంటే

కిటికీలో చూసి తిప్పే శ్రమ తప్పించడానికి కొన్ని ఖరీదైన ఫోల్డింగ్ కెమెరాల్లో లోపలే లెక్క పెట్టే యంత్రం పెట్టారు. ఫోటోకు సరిపడా తిరగగానే నాబ్ ఆగిపోతుంది. 1930ల సూపర్ ఐకోంటా 532/16 ఇలాంటిది. 12 రావాల్సిన చోట 11 ఫోటోలే ఇస్తుంది. ఈ యంత్రాలు స్పూలు ఎంత తిరిగిందో చూస్తాయి గానీ ఫిల్ము ఎంత జరిగిందో కాదు. ఫిల్ము, కాగితం అప్పటికంటే పలచనైతే చుట్ట లావెక్కడం తగ్గుతుంది, అదే తిరుగుడుకు తక్కువ ఫిల్ము జరుగుతుంది, ఫోటోల మధ్య సందు కరిగిపోతూ చివరికి ఒకదానిమీదొకటి ఎక్కవచ్చు. దీనికి కొందరు చుట్టుకునే స్పూలు ఇరుసుకు ముందే కాగితం టేపు రెండు చుట్లు వేసి లావు చేస్తారు. లెక్కపెట్టే యంత్రం ఉన్న 620 కెమెరాల్లో చుట్టుకునే వైపు 120 స్పూలు పెడితే దీనికి తిరగబడ్డ సమస్య వస్తుంది. ఇరుసు లావు కాబట్టి ఫిల్ము ఎక్కువ జరిగి, ఫోటోలు తగ్గుతాయి.

ఖరీదైన కెమెరాకు ఎక్కువ ఇబ్బంది, చవక కెమెరాకు తక్కువ ఇబ్బంది అన్నది ఈ వ్యవహారమంతటా కనబడుతుంది. ఎర్ర కిటికీ ఒక్కటే ఉన్న కెమెరా ఏ ఫిల్మునైనా భరిస్తుంది, లెక్క మనదే కాబట్టి.

122, 127: అటు చివర, ఇటు చివర

122 కెమెరాలో 120 రీలు పెడితే 6×14 సెం.మీ. పొడవాటి పనోరమా వస్తుంది. రీలుకు నాలుగైదు ఫోటోలే. గేటు 83 మి.మీ. వెడల్పు కాబట్టి మాస్కు లేకుండా కుదరదు. వ్యూఫైండర్‌లో కనబడేదానిలో పైనా కిందా కొంత పోతుందని గుర్తుపెట్టుకుని తీయాలి. 127 దీనికి పూర్తి విరుద్ధం. ఫిల్ము 46 మి.మీ. వెడల్పు, అంటే 120ని చీకట్లో నిలువునా కోయాలి. దానికి ప్రత్యేకంగా బ్లేడు బిగించిన పెట్టెలున్నాయి. కోసిన కాగితం మీద అంకెలు పనికిరావు గనక వేరే కాగితం కావాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కెమెరాగా పేరుపడ్డ వెస్ట్ పాకెట్ కొడాక్ మీద మోజున్నవాళ్లే ఇంత పనికి దిగుతారు.

కెమెరాను కోయాలా, రీలును మార్చాలా

620 అరలోని రేకును కాస్త వంచి, అంచు ఆకురాయితో అరగదీస్తే కొన్ని కెమెరాలు 120ని తిన్నగా తీసుకుంటాయి. దీని మీద వాదన తెగదు. లక్షల్లో తయారైన మామూలు సిక్స్-20 (620) కొడాక్‌ను ఎంతకాలం అలంకారంగా పెట్టుకుంటాం, వాడితేనే అది కెమెరా అని వాడేవాళ్ల మాట. ఒకసారి కోసిన లోహం తిరిగి రాదు, తర్వాతి యజమానికి ఆ కెమెరా మొదట ఎలా ఉండేదో చూసే అవకాశమే పోతుంది అని సేకరించేవాళ్ల మాట. అరుదైన కెమెరాలు, సరిగా పనిచేసే రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే సాధనం) ఉన్నవి అయితే నా మొగ్గు సేకరించేవాళ్ల వైపే. మిగతా వాటి విషయంలో అసలు వాదనే అక్కర్లేదనిపిస్తుంది. రీలును మార్చి చుట్టడం ఒక గంట పని, కెమెరాను కోయడం కూడా గంట పనే. మొదటిదాన్ని వెనక్కి తీసుకోవచ్చు.

ఏదైనా అంతకంటే ముందు చూడాల్సింది బెల్లోస్. చీకటి గదిలో లోపల టార్చి పెడితే, చిల్లులుంటే, మడతల మూలల్లో చుక్కలు మెరుస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో పెట్టెల్లో పడి ఉన్న వాటికి లెన్సులో బూజు కూడా అదనం. ఆగ్‌ఫా ఐసోలెట్లలో ఫోకస్ రింగు కదలకపోతే అది ఆకుపచ్చ గ్రీజు గట్టిపడటం వల్ల. అన్నీ బాగుచేయదగ్గవే. బెల్లోస్ చిల్లులమయమైతే మాత్రం స్పూలు లెక్కలన్నీ వృథా.

రీలు కడిగించే చోట

120 ఫిల్మును కడగడంలో తేడా ఏమీ లేదు, అదే కెమికల్, అదే పద్ధతి. తేడా ఆ తర్వాత వస్తుంది. ల్యాబుల స్కానర్లు, నెగెటివ్ పట్టే ఫ్రేములు ఎక్కువగా 6×9 దాకానే చేసినవి. 6×11 (116 కెమెరాది) గానీ 6×14 గానీ ఇస్తే రెండు ముక్కలుగా స్కాన్ చేసి అతకాలి, లేదా ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద పరిచి చేయాలి. నెగెటివ్‌ను మామూలు సైజుల ప్రకారం కత్తిరించే ల్యాబులో ముందే చెప్పకపోతే కత్తెర ఫోటో నడుమ నుంచే పోతుంది. ఇంకో చిన్న సంగతి, 620 వాడేవాళ్లు కవరు మీద పెద్ద అక్షరాలతో రాసేది: స్పూలు తిరిగి ఇవ్వండి. కడిగాక ఖాళీ స్పూలును చెత్తబుట్టలో వేయడం ల్యాబులో అలవాటు. పాత ఇనప 620 స్పూలు అలా పోతే, తర్వాతి రీలు చుట్టడానికి ఇంకోటి వెతుక్కోవాలి.